అనుమానానికీ ఉత్తర్వుకీ మధ్య: స్థానిక పాలనలో ఏఐ

రేషన్ షాపులో వేలిముద్ర పెట్టాక కార్డు రద్దయిందని మిషన్ చెబుతుంది. ఎందుకని అడిగితే డీలర్‌కు తెలియదు. తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తే "పైనుంచే తీసేశారు, మా లాగిన్‌లో ఏమీ కనబడదు" అంటారు. పైన అంటే ఎవరు? పైన ఒక సర్వర్ ఉంది, అందులో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఈ కుటుంబానికి బియ్యం ఆపమని ఫలానా కారణంతో రాసి సంతకం పెట్టిన మనిషి మాత్రం కనబడడు.

తెలంగాణలో 2014 నుంచి 2019 వరకు ఇలా రద్దయిన ఆహార భద్రత కార్డులు 18.6 లక్షలకు పైనే. మరో 1.42 లక్షల కొత్త అర్జీలు తిరస్కరించారు. ముందుగా నోటీసు లేదు. 2016 తర్వాత ఈ ఏరివేతలో 'సమగ్ర వేదిక' అనే వ్యవస్థది పెద్ద పాత్ర. దాదాపు 30 ప్రభుత్వ డేటాబేస్‌లను ఒకచోట చేర్చి, ఏ కుటుంబానికి ఏమేం ఉన్నాయో లెక్కగట్టడం దాని పని. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని ఆదేశించింది. 4,91,899 అర్జీలు వచ్చాయి. వాటిలో 2,05,734 చూసేసరికి 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే 7.5 శాతం. నూటికి ఏడెనిమిది ఇళ్ళలో, హక్కుగా రావలసిన బియ్యం ఏళ్ళ తరబడి ఆగిపోయాయి.

సాఫ్ట్‌వేర్ తప్పు చేయడం ఇక్కడ అసలు సమస్య కాదు. అది తప్పులు చేస్తుంది, ఎప్పటికీ చేస్తూనే ఉంటుంది. అది చెప్పింది ఒక అనుమానం మాత్రమే. ఆ అనుమానం మధ్యలో ఎవరి చేతుల్లోంచీ వెళ్ళకుండా నేరుగా ఉత్తర్వుగా మారిపోవడమే ప్రమాదం. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా కలెక్టరేట్ అయినా, ఏఐని బాధ్యతగా వాడటమంటే ముందు ఈ రెండింటి మధ్య ఒక మెట్టు కట్టడం. ఆ మెట్టు ఎలా కట్టాలో చూసే ముందు, అనుమానం ఎలా పుడుతుందో తెలియాలి.

ఇద్దరూ ఒకరేనా?

రేషన్ శాఖ దగ్గర ఒక జాబితా ఉంటుంది. రవాణా శాఖ దగ్గర బండ్ల జాబితా, మున్సిపాలిటీ దగ్గర ఆస్తి పన్ను జాబితా, విద్యుత్ సంస్థ దగ్గర మీటర్ల జాబితా, రెవెన్యూ దగ్గర పట్టాల జాబితా. ఇవన్నీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాలకు తయారైనవి. పాత రికార్డుల్లో చాలావాటికి ఆధార్ నంబరు లేదు. కాబట్టి రేషన్ జాబితాలోని మనిషీ కారు జాబితాలోని మనిషీ ఒకరేనా అని పోల్చడానికి సాఫ్ట్‌వేర్‌కు మిగిలేవి నాలుగే: పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ, చిరునామా. ఒక్కోటి ఎంత దగ్గరగా ఉందో చూసి మార్కులు వేస్తుంది. మొత్తం ఒక కటాఫ్ దాటితే ఇద్దరూ ఒకరే అంటుంది. కటాఫ్ పెంచితే నిజంగా ఒకరే అయినవాళ్ళు కూడా తప్పించుకుంటారు. తగ్గిస్తే సంబంధం లేని ఇద్దరు ఒకరైపోతారు. ఈ రెండు తప్పుల్లో దేన్ని ఎంత భరిస్తామన్నది సాంకేతిక ప్రశ్న కాదు, పాలన ప్రశ్న. చాలాచోట్ల ఆ కటాఫ్‌ను కంపెనీ ఇంజినీరు పెడతాడు. అది ఎంతో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

తెలుగు పేర్ల దగ్గర ఈ పోలిక ఎలా బోల్తా పడుతుందో కాస్త వివరంగా చూడాలి, ఎందుకంటే చాలా తప్పులు ఇక్కడే పుట్టేలా మన రికార్డులు ఉన్నాయి. లక్ష్మి అన్న పేరు ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్ళేటప్పుడు 'క్ష' దగ్గర ఒక ఆపరేటర్ కె-ఎస్-హెచ్ కొడతాడు, ఇంకొకరు ఎక్స్ కొడతారు. ఇలాంటి తేడాలను క్షమించేలా సాఫ్ట్‌వేర్‌ను సడలిస్తే వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకటేశం ముగ్గురూ దగ్గరి పేర్లైపోతారు. ఊళ్ళో వాళ్ళు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఇంటిపేరు ఒక జాబితాలో పూర్తిగా, ముందు ఉంటుంది, ఇంకోదాంట్లో ఒక్క పొడి అక్షరం, మరోదాంట్లో చివరన. ఆడవాళ్ళకు పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, తండ్రి పేరున్న గడిలోకి భర్త పేరు వస్తుంది, ఊరు మారుతుంది. నాలుగు ఆధారాల్లో మూడు ఒక్క పెళ్ళితో మారిపోతాయి.

షేక్, సయ్యద్, మహమ్మద్ వంటి మొదటి మాటలు వేలమందికి ఉంటాయి. రెండు రికార్డుల్లోనూ 'షేక్' కలిసిందంటే అది దాదాపు ఏ ఆధారమూ కాదు. అరుదైన ఇంటిపేరు కలిస్తే అది గట్టి ఆధారం. సరిగ్గా కట్టిన సాఫ్ట్‌వేర్ ఆ పేరు ఆ జిల్లాలో ఎంతమందికి ఉందో చూసి మార్కులు వేస్తుంది. నాసిరకంగా కట్టింది అన్ని మాటలకూ ఒకే మార్కులిస్తుంది. అప్పుడు ఒక మతం వాళ్ళకు, ఒక ప్రాంతం వాళ్ళకు తప్పులు ఎక్కువ జరుగుతాయి. ఎవరూ వివక్ష చూపాలని అనుకోకపోయినా ఫలితం వివక్షే. హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయన కుటుంబానికి రేషన్ ఆగిపోవడానికి కారణం, పేరులో ఒక మాట తేడాతో ఉన్న వేరే మనిషి కారు ఆయన లెక్కలో పడటమే.

పుట్టిన తేదీ కూడా నమ్మకమైన ఆధారం కాదు. వయసు మాత్రమే తెలిసిన పెద్దవాళ్ళకు చాలా రికార్డుల్లో జనవరి 1 అని పడిపోతుంది. అరవై దాటినవాళ్ళలో తేదీ కలిసిందంటే నిజానికి సంవత్సరం ఒక్కటే కలిసినట్టు. ఇక చిరునామా. 'రామాలయం వెనక' అని ఒక జాబితాలో, పాత ఇంటి నంబరు ఇంకోదాంట్లో, బై నంబర్లు నాలుగు తగిలించిన కొత్త నంబరు మరోదాంట్లో ఉంటే, తపాలా ఆయనకు తప్ప ఎవరికీ అవి ఒకే ఇల్లని తెలియదు.

ఏఐ లేకుండానే ఇలాంటి తప్పు జరగొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో పథకాలకు వాడిన 'సిక్స్ స్టెప్ వాలిడేషన్' అంతా సూటి నిబంధనలే: నెలకు సగటున 300 యూనిట్లు దాటిన కరెంటు, నాలుగు చక్రాల బండి, ఆదాయపు పన్ను, పట్టణంలో 1000 చదరపు అడుగుల ఇల్లు, భూమి పరిమితి, కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి. ఇక్కడ యంత్రం ఊహించేదేమీ లేదు. కానీ ఇంటి యజమాని మీటర్లన్నీ ఒకే ఆధార్‌కు కలిసిపోతే, అమ్మేసిన కారు కొన్నవాళ్ళ పేరు మీదికి మారకపోతే, విడిపోయిన కొడుకు ఇంకా అదే కుటుంబంలో మ్యాపై ఉంటే, నిబంధన సరైనదే అయినా ఫలితం తప్పు. ఒక మేలు మాత్రం ఉంది. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో గ్రామ, వార్డు సచివాలయంలో చెప్పగలరు. కరెంటు దగ్గర అంటే మనిషి విద్యుత్ ఆఫీసుకు వెళ్ళి మీటరు విడదీయించుకుంటాడు. కారణం పేరు పెట్టి చెప్పగలిగిన వ్యవస్థను బాగుచేసుకోవచ్చు. స్కోరు 0.83 వచ్చిందని చెబితే మనిషి ఎక్కడికి వెళ్ళాలి?

తొంభై శాతం అన్న మాట వెనక

కంపెనీ వాళ్ళు డెమోలో "మా టూల్ తొంభై శాతం అనర్హులను పట్టేస్తుంది" అంటారు. ఆ మాట నిజమే అనుకుని ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక మున్సిపాలిటీలో 10,000 మంది పింఛన్‌దారులు ఉన్నారు. అందులో నిజంగా అనర్హులు 2 శాతం, అంటే 200 మంది. టూల్ వాళ్ళలో 180 మందిని పట్టుకుంది. అర్హులైన మిగతా 9,800 మందిలో 5 శాతం మందిని పొరపాటున అనుమానించింది అనుకుందాం, అది 490. జాబితాలో మొత్తం 670 పేర్లు. అందులో 490 మంది ఏ తప్పూ చేయనివాళ్ళు. నూటికి 73 మంది.

టూల్ చెడ్డది కాదు. అనర్హులు తక్కువగా ఉన్నచోట ఎంత మంచి టూల్ అయినా ఇలాగే అవుతుంది. కమిషనర్ టేబుల్ మీదికి '670 మంది అనర్హులు' అన్న శీర్షికతో ఫైలు వస్తే అది అబద్ధం. 'తనిఖీ చేయవలసిన 670 పేర్లు, వీరిలో ఎక్కువమంది అర్హులే కావచ్చు' అని రావాలి. ఒక్క శీర్షిక మారితే కింది సిబ్బంది తలుపు తట్టే తీరు మారుతుంది.

ఇప్పుడు ఆ 670 ఇళ్ళకు ఎవరు వెళ్ళాలి? ఒక ఉద్యోగి తన మిగతా పనులతో పాటు రోజుకు ఎనిమిది ఇళ్ళు చూడగలడనుకుంటే 84 పనిదినాలు కావాలి. పైనుంచి వారం గడువు వస్తే ఏమవుతుందో ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. కుర్చీలో కూర్చునే 'ధ్రువీకరించాను' అని టిక్ పడుతుంది. 'చివరి నిర్ణయం మనిషిదే' అని జీవోలో రాసి, ఆ మనిషికి సమయం ఇవ్వకపోతే, ఆ వాక్యం వల్ల ఒక్క ఇంటికీ మేలు జరగదు. అందుకే టూల్ కొనేముందు వేయాల్సిన లెక్క సర్వర్ ఖర్చు కాదు, తనిఖీ రోజుల లెక్క. నెలకు 150 ఇళ్ళే చూడగలిగితే, నెలకు 150 పేర్లే బయటికి ఇచ్చేలా కటాఫ్ పెట్టాలి.

ఇంకో చిక్కు ఉంది. మిషన్ చెప్పినదాన్ని ఒప్పుకుంటే ఒక క్లిక్, కాదంటే నాలుగు పేజీల వివరణ అయితే, ఎవరూ కాదనరు. రెండింటికీ సమానమైన శ్రమ ఉండేలా స్క్రీన్ కట్టించాలి: ఒప్పుకున్నా కాదన్నా కారణం రెండు వాక్యాల్లో రాయాల్సిందే. నెలాఖరున ఒక్కో ఉద్యోగి ఎన్నిటిని కాదన్నాడో చూడాలి. మూడు నెలలపాటు ఒక్కటి కూడా కాదనని చోట తనిఖీ జరగడం లేదని అర్థం.

రెండు డచ్ నగరాలు

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరం 2017 నుంచి 2021 దాకా, సంక్షేమ భృతి తీసుకునే సుమారు 30,000 మందికి ఒక మోడల్‌తో, అంటే పాత డేటా చూసి నేర్చుకునే సాఫ్ట్‌వేర్‌తో, స్కోర్లు వేసింది. ఎక్కువ స్కోరు వచ్చినవాళ్ళ మీద విచారణ. మోడల్ చూసిన అంశాలు 315. అందులో డచ్ భాష ఎంత వచ్చు అన్నది ఒకటి. మనిషి గురించి సిబ్బంది రాసుకున్న సొంత అభిప్రాయాలు కూడా ఉన్నాయి. పాత విచారణల ఫలితాలతో ఆ మోడల్‌కు శిక్షణ ఇచ్చారు. పాత రోజుల్లో ఎవరిని ఎక్కువగా అనుమానించారో వాళ్ళలోనే ఎక్కువ తప్పులు దొరుకుతాయి, దొరికినవాటి నుంచే మోడల్ నేర్చుకుంటుంది. ఏ వీధిలో ఎక్కువ తనిఖీలు జరిగాయో ఆ వీధిలోనే దొంగలున్నారని నమ్మడం లాంటిది. నగర ఆడిట్ సంస్థ తప్పుపట్టాక 2021లో దాన్ని ఆపేశారు.

ఆమ్‌స్టర్‌డామ్ ఈ గుణపాఠం విని జాగ్రత్తగా మొదలుపెట్టింది. అంశాలను 15కు తగ్గించింది. జాతీయత, లింగం వంటివి తీసేసింది. ఎందుకు ఆ స్కోరు వచ్చిందో వివరించగల మోడల్‌నే ఎంచుకుంది. భృతి తీసుకునేవాళ్ళ ప్రతినిధులను పిలిచి అడిగింది, వాళ్ళు వద్దన్నారు. పరీక్షలో మోడల్ విదేశీ జాతీయులను ఎక్కువగా అనుమానించడం కనిపించింది. శిక్షణ డేటాలో ఎవరి రికార్డులకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో సరిచేశారు. 2023లో నిజమైన అర్జీల మీద ప్రయోగించి చూస్తే, ఈసారి డచ్ జాతీయులనూ మహిళలనూ ఎక్కువగా తప్పుపట్టింది. పైగా సిబ్బంది కంటే మెరుగ్గా తప్పులు పట్టనూ లేదు. నగరం ప్రాజెక్టును మూసేసింది.

ఆమ్‌స్టర్‌డామ్ ఓడిపోయిందని కొందరు అంటారు. మా దృష్టిలో మన మున్సిపాలిటీలు నేర్చుకోవాల్సింది ఆ ఓటమినే. ప్రయోగాన్ని ప్రయోగంగా ఉంచింది, ఏ కొలతతో నెగ్గినట్టో ముందే అనుకుంది, ఆ కొలతకు అందకపోతే ఆపింది. మన దగ్గర పైలట్ ప్రాజెక్టు అంటే ప్రారంభోత్సవం అని అర్థం. ఆపే తేదీ రాసి ఉన్న పైలట్ అరుదు.

నోటీసులో ఏముండాలి

వినకుండా తీర్పు చెప్పకూడదన్నది కొత్త సూత్రం కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని సెక్షన్ 4(1)(డి) ప్రకారం ప్రభుత్వ కార్యాలయం తన పాలనా నిర్ణయాలకు కారణాలను ఆ నిర్ణయం వల్ల ప్రభావితమైనవాళ్ళకు చెప్పాలి. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023లోని సెక్షన్ 8(3) ఇంకా సూటిగా ఉంది: ఒక వ్యక్తిని ప్రభావితం చేసే నిర్ణయానికి వాడే డేటా పూర్తిగా, ఖచ్చితంగా, పొంతన కలిగి ఉండేలా చూసే బాధ్యత దాన్ని వాడేవాళ్ళదే. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. అప్పటిదాకా ఆగనక్కరలేదు, ఇప్పుడే మొదలుపెట్టిన ఆఫీసుకు అప్పుడు పరుగులు ఉండవు.

పనికొచ్చే నోటీసు తెలుగులో, ఒక పేజీలో ఉండాలి. 'అనర్హత కారణంగా' అన్న మాట చాలదు. "టీఎస్ 09తో మొదలై 41తో ముగిసే నంబరున్న కారు మీ భర్త పేరు మీద ఉన్నట్టు రవాణా శాఖ రికార్డు చూపిస్తోంది" అని ఉంటే, ఆ ఇల్లాలు "మాకు కారు లేదు" అని అక్కడికక్కడే చెప్పగలదు. ఏ డేటాబేస్, ఏ రికార్డు, ఏ తేదీ నాటిది, ఎవరి దగ్గర ఏ కాగితంతో అభ్యంతరం చెప్పాలి, ఎన్ని రోజుల్లో, ఆఫీసరు హోదా, ఫోను నంబరు. ఎస్ఎమ్ఎస్ ఒక్కటే పంపితే సరిపోదు. పాత సిమ్ పోయినవాళ్ళు, చదువు రానివాళ్ళు, వలస వెళ్ళినవాళ్ళు ఎక్కువగా ఉన్న జాబితా ఇది. కాగితం ఇంటికి చేరాలి, పేర్లు పంచాయతీ నోటీసు బోర్డు మీద ఉండాలి, రేషన్ డీలర్ దగ్గర ఒక ప్రతి ఉండాలి. అయితే బోర్డు మీద పేరు, కార్డు నంబరు చివరి అంకెలు చాలు. కారు, భూమి వివరాలు ఊరంతా చదవనక్కరలేదు.

గడువు కనీసం 30 రోజులు ఉండాలంటాం, పనికోసం ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు ఒకసారైనా ఇంటికి వచ్చేంత సమయం. అన్నిటికంటే ముఖ్యం, విచారణ ముగిసేదాకా బియ్యమో పింఛనో ఆగకూడదు. ఆపి విచారిస్తే, తప్పు తేలడం ఆలస్యమైన కొద్దీ ఆ నష్టం పేదవాడిది. ఇస్తూ విచారిస్తే, ఆలస్యం ఖర్చు ప్రభుత్వానిది. త్వరగా తేల్చాలన్న తొందర ఆఫీసుకే ఉంటుంది. తప్పుగా ఆపినట్టు తేలితే ఆగిన నెలలది కలిపి ఇవ్వాలి. ఆహార భద్రత చట్టం, 2013 జిల్లా ఫిర్యాదు పరిష్కార అధికారిని, రాష్ట్ర ఆహార కమిషన్‌ను ఏర్పాటు చేసింది. నోటీసు అడుగున వాళ్ళ చిరునామా కూడా రాయడానికి అయ్యే ఖర్చు ఒక పంక్తి సిరా.

టెండర్ కాగితంలోనే సగం బాధ్యత

సమగ్ర వేదిక విషయంలో సమాచార హక్కు కింద సోర్స్ కోడ్, అంటే సాఫ్ట్‌వేర్ అసలు రాత, అడిగినవాళ్ళకు, దాని మీద హక్కు కంపెనీదని జవాబొచ్చింది. ఒప్పందం మీద సంతకం అయ్యాక ఈ జవాబు చట్టపరంగా నిలబడొచ్చు. కాబట్టి అడగాల్సింది సంతకానికి ముందే. కోడ్ మొత్తం చేతికి రాకపోయినా, కొన్ని విషయాలు ఆఫీసు చేతిలో ఉండి తీరాలి. కటాఫ్ మార్చే అధికారం ఆఫీసుది, మార్చిన ప్రతిసారీ తేదీ, కారణం, మార్చినవారి పేరు నమోదు కావాలి. ప్రతి అనుమానానికీ ఏ రెండు రికార్డులు కలిశాయో, ఒక్కో గడికి ఎన్ని మార్కులు పడ్డాయో నమోదు (లాగ్) ఉండాలి. ఆ లాగ్ కనీసం అప్పీలు గడువు ముగిసేదాకా చెరగకూడదు. బయటి ఆడిటర్ పరీక్షించడానికి ఒప్పుకోవాలి. ఒప్పందం ముగిశాక డేటా కంపెనీ దగ్గర మిగలకూడదు, ఆ డేటాతో వేరే టూల్‌కు శిక్షణ ఇవ్వకూడదు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వస్తే పరీక్ష మళ్ళీ మొదటినుంచి. చెల్లింపు 'ఎంతమందిని తొలగించాం' అన్న లెక్క మీద ఎప్పుడూ ఉండకూడదు. అలా రాసుకున్న రోజే తప్పులకు జీతం ఇస్తున్నట్టు.

పరీక్ష ఎలా చేయాలి? కంపెనీ తెచ్చిన నమూనా మీద కాదు, మీ మండలం రికార్డుల మీద. టూల్ 'ఒకరే' అన్న జతల్లోంచి 300, 'కాదు' అన్న దగ్గరి జతల్లోంచి 200 చీట్లు తీసినట్టు తీయండి. ఇద్దరు ఉద్యోగులు ఒకరి జవాబు ఒకరు చూడకుండా, అవసరమైతే ఇంటికి వెళ్ళి, నిజం తేల్చాలి. ఆ తర్వాత మొత్తం తప్పుల శాతం ఒక్కటే చూసి ఆగకండి. ఆడవాళ్ళలో ఎంత, ముస్లిం పేర్లలో ఎంత, అరవై దాటినవాళ్ళలో ఎంత, గిరిజన గూడేల్లో ఎంత, అని విడివిడిగా లెక్కేయండి. ఒక గుంపులో యాభై జతలైనా లేకపోతే ఆ గుంపు నుంచి ఇంకొన్ని తీసుకోండి. ఇంకో మాట: 300 చూసి ఒక్క తప్పూ దొరక్కపోయినా, అసలు తప్పుల శాతం 1 దాకా ఉండే అవకాశం ఉంది. లక్ష కార్డుల మీద ఒక శాతం వెయ్యి ఇళ్ళు.

మాట్లాడే యంత్రాలు

ఏఐ అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది చాట్‌బాట్. ఇందులో రెండు జాతులున్నాయి. ఆంధ్రప్రదేశ్ 2025 జనవరి 30న 161 సేవలతో ప్రారంభించిన 'మన మిత్ర' వాట్సాప్ సేవ ప్రధానంగా మెనూ పద్ధతి: సేవను ఎంచుకుంటారు, వివరాలిస్తారు, సర్టిఫికెట్టో బిల్లో వస్తుంది. మెనూలో ఊహకు చోటు తక్కువ. రెండో జాతి అడిగిన ప్రశ్నకు సొంతంగా వాక్యాలు అల్లి జవాబిస్తుంది. న్యూయార్క్ నగరం 2023 అక్టోబరులో వ్యాపారుల కోసం ఇలాంటి బాట్ పెట్టింది. 2024 మార్చిలో పాత్రికేయులు పరీక్షిస్తే, పనివాళ్ళ టిప్పుల్లో యజమాని వాటా తీసుకోవచ్చని, ప్రభుత్వ అద్దె సాయంతో వచ్చేవాళ్ళకు ఇల్లు ఇవ్వనక్కరలేదని చెప్పింది. రెండూ అక్కడ చట్టవిరుద్ధం. నగరం ముద్రతో వచ్చిన జవాబు కాబట్టి జనం నమ్ముతారు.

తెలుగులో అలాంటి బాట్ పెట్టేవాళ్ళకు అదనపు చిక్కులు మూడు. పాత సర్క్యులర్లు చాలా అను ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి తెలుగులా కనిపించేది యంత్రానికి అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, మనిషి చదివి సరిచూడాలి. రెండోది, ఒక జీవోను తర్వాతి జీవో సవరిస్తుంది, దాన్ని మెమో మళ్ళీ సవరిస్తుంది. మూడూ బాట్‌కు ఇస్తే ఏది చెల్లుతుందో దానికి తెలియదు. రద్దయినవాటిని ముందే పక్కకు తీయాలి, ప్రతి జవాబు కింద జీవో నంబరు, తేదీ చూపించాలి. మూడోది, జనం అడిగే మాట ఫైళ్ళ మాట కాదు. 'ముటేషన్' అని ఎవరూ అడగరు, 'మా నాయన పేరు మీదున్న భూమి నా పేరు మీదికి రావాలె' అంటారు. ప్రారంభించే ముందు కౌంటర్ దగ్గర నిజంగా అడిగిన వంద ప్రశ్నలు రాసి పెట్టుకుని పరీక్షించాలి. అందులో ఇరవై, 'నాకు తెలియదు, ఫలానా ఆఫీసుకు వెళ్ళండి' అన్నదే సరైన జవాబయ్యే ప్రశ్నలు ఉండాలి. తెలియదని చెప్పడం రాని బాట్‌ను జనం ముందు పెట్టకూడదు.

సిబ్బంది తమ సొంత పనికి వాడే చాట్‌బాట్ల సంగతి వేరు. అర్జీదారు పేరు, ఆధార్, రోగం వివరాలు ఉన్న కాగితాన్ని బయటి కంపెనీ బాట్‌లో పెట్టి 'దీన్ని లేఖగా రాయి' అనడం ఆ వివరాలను ఆఫీసు గడప దాటించడమే. కేంద్ర ఆర్థిక శాఖ 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివి వాడవద్దని ఉద్యోగులకు చెప్పింది. ఊరికే నిషేధిస్తే అందరూ సొంత ఫోన్లలో వాడతారు. ఏది పెట్టకూడదో ఒక అట్ట మీద రాసి టేబుల్ దగ్గర అంటించడం, ఆఫీసు అనుమతించిన టూల్ ఒకటి ఇవ్వడం ఎక్కువ పనిచేస్తుంది.

పంచాయతీలకు దగ్గరి ఉదాహరణ 'సభాసార్'. గ్రామసభ ఆడియో, వీడియో నుంచి మినిట్స్ (సభ చర్చలు, తీర్మానాల రాత) తయారుచేసే ఈ టూల్‌ను కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో తెచ్చింది; భాషల పని కేంద్ర ప్రభుత్వ అనువాద వేదిక 'భాషిణి' చూస్తుంది. మంచి పనిముట్టే, కార్యదర్శికి గంటల రాత తగ్గుతుంది. కానీ మైకు వేదిక మీద ఒక్కటే ఉంటే, రికార్డయ్యేది సర్పంచ్, అధికారుల గొంతులే. వెనక కూర్చున్న మహిళా సంఘం వాళ్ళ అభ్యంతరం మినిట్స్‌లోకి రాదు, దాంతో 'ఏకగ్రీవంగా' అన్న మాట పడిపోతుంది. రెండో మైకు జనంలో తిరగాలి. నలుగురు ఒకేసారి మాట్లాడినచోట 'వద్దు' అన్న మాట జారిపోయిందంటే తీర్మానం తలకిందులవుతుంది. లక్షలు, వేలు, సర్వే నంబర్లు మనిషి సరిచూడాలి. సభ ముగిసేలోపు తీర్మానాలను పైకి చదివి వినిపించాలి, సంతకాలు ఆ తర్వాతే. టూల్ ఇచ్చిన ముసాయిదా మినిట్స్ కాదు, సభ విని ఒప్పుకున్నదే మినిట్స్.

ముఖం చూసి గుర్తించే పద్ధతి గురించి ఒక్క మాట. 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీల్లో ఇంటికిచ్చే పోషకాహారానికి పోషణ్ ట్రాకర్ యాప్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. నెట్ అందకపోయినా, ముఖం కలవకపోయినా తల్లి ఖాళీ చేతులతో వెనక్కి వెళ్ళకూడదు. రిజిస్టర్‌లో సంతకం, టీచర్ ధ్రువీకరణ, సరుకు చేతికి. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎందుకు కలవలేదో లెక్క తీసి పైకి పంపాలి.

అడగడానికి దారి

ఇవన్నీ ఆఫీసు లోపలివాళ్ళు చేయాల్సినవి. బయటివాళ్ళు, అంటే వార్డు సభ్యులు, స్వచ్ఛంద సంస్థలు, కార్డు పోయిన కుటుంబం, అడగగలిగింది కూడా ఉంది. ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకి నగరాలు 2020లో తాము వాడే అల్గారిథమ్‌ల జాబితాను బహిరంగంగా పెట్టాయి: ఏ టూల్, ఏ పనికి, ఏ డేటాతో, బాధ్యత ఎవరిది. మన మున్సిపల్ కౌన్సిల్‌లో ఒక తీర్మానంతో అలాంటి జాబితా మొదలుపెట్టవచ్చు. వెబ్‌సైట్ లేకపోతే ఒక రిజిస్టర్ చాలు.

అది లేనిచోట సమాచార హక్కు దరఖాస్తు. 'అల్గారిథమ్ ఇవ్వండి' అని అడిగితే తిరస్కరించడం తేలిక. అడగాల్సినవి ఇలా ఉండాలి: నా కార్డు రద్దుకు ఆధారమైన రికార్డు నకలు, రద్దు ఉత్తర్వు నకలు, సంతకం చేసిన అధికారి హోదా, నాకు నోటీసు ఇచ్చిన తేదీ, అందిన రుజువు, మా ఇంటికి తనిఖీకి వచ్చిన ఉద్యోగి నివేదిక, ఈ మండలంలో ఈ ఏడాది సాఫ్ట్‌వేర్ అనుమానించిన కార్డులు ఎన్ని, తనిఖీలో అర్హులని తేలినవి ఎన్ని, ఆ సాఫ్ట్‌వేర్ కొనుగోలు ఒప్పందం, దానికి చేసిన పరీక్షల నివేదిక. మొదటి నాలుగింటికి జవాబు రాకపోతే ఉత్తర్వు ఏ కాగితం మీద నిలబడిందో అప్పీలు అధికారి ముందు అడగవచ్చు. జవాబు 30 రోజుల్లో రావాలి. గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు రుసుము ఎక్కడా లేదు, కానీ అందుకు రుజువు చూపాలి. చాలామంది చూపేది రేషన్ కార్డే. కార్డు పోయినవాళ్ళు దరఖాస్తుకు ఐదో పదో రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి, రద్దయిన కార్డు జిరాక్స్ కూడా జతచేయడం మంచిది.